సెకండ్ హ్యాండ్ డీజిల్ పికప్: ఏ ఏడాదిదో చూడాలా, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూడాలా?

రెండు డీజిల్ పికప్‌లు అమ్మకానికి ఉన్నాయనుకుందాం. ఒకటి ఆరేళ్ల కిందటిది, 2,40,000 కిలోమీటర్లు తిరిగింది. ఇంకోటి పదహారేళ్ల కిందటిది, రీడింగ్ మాత్రం 90,000 దగ్గరే ఉంది. అడిగే రేటు ఇంచుమించు ఒకటే. ఎక్కువమంది రెండో బండి వైపే మొగ్గుతారు, ఎందుకంటే చిన్న కార్లు చూసి చూసి లక్ష దాటిన బండి అంటేనే ఒక భయం పట్టేసుకుంది, రెండు లక్షలు దాటిందంటే ఇక ఇంజన్ బోరుకి వచ్చేసినట్టే అని ఫిక్స్ అయిపోతాం. డీజిల్ పికప్ దగ్గర ఈ లెక్క చాలాసార్లు తలకిందులవుతుంది. సర్వీస్ సరిగ్గా జరిగిందని కాగితాలు చూపించగలిగితే మొదటిదే మంచి బేరం అయ్యే అవకాశం ఎక్కువ. పాతదే కరెక్ట్ అయ్యే సందర్భాలు కూడా ఉన్నాయి గానీ అవి తక్కువ, అవేంటో ముందే తెలిసుండాలి.

ముందు కిలోమీటర్ల సంగతి. డీజిల్ ఇంజన్‌లో కంప్రెషన్ 16:1 నుంచి 18:1 దాకా ఉంటుంది కాబట్టి బ్లాకు, క్రాంకు, కనెక్టింగ్ రాడ్లు అన్నీ బరువుగా, దిట్టంగా కట్టాల్సి వస్తుంది. పైగా ఇది నింపాదిగా తిరుగుతుంది, హైవే మీద పెద్ద పికప్ ఒకటి 100 స్పీడులో పోతున్నప్పుడు ఆర్‌పీఎం చాలావరకు 2,000 లోపే ఉంటుంది. డాడ్జ్ పికప్‌లలో వచ్చిన కమిన్స్ 5.9 లీటర్ ఇంజన్‌కి మేజర్ ఓవర్‌హాల్ దాకా ఆయుష్షు 3,50,000 మైళ్లు, అంటే 5.6 లక్షల కిలోమీటర్లు అని కంపెనీయే ప్రకటించుకుంది. అలాంటి ఇంజన్ ముందు 2,40,000 అంటే సగం కూడా కాదు. కిలోమీటర్లు నిజంగా అరగదీసేది ఎక్కువగా ఇంజన్ బయటివాటినే: బాల్ జాయింట్లు, వీల్ బేరింగులు, యూ జాయింట్లు, షాక్ అబ్జార్బర్లు, క్లచ్. ఇంజన్ వైపు చూస్తే ఇంజెక్టర్లు, టర్బో, వాటర్ పంపు. ఇవన్నీ మార్చుకోగలిగినవే, ఎప్పుడు మారుస్తారో కాస్త అంచనా కూడా ఉంటుంది, బండి కొనేటప్పుడే బేరంలో తగ్గించుకోవచ్చు.

అసలు ఓడోమీటర్ చెప్పని విషయం ఇంకోటుంది, ఇంజన్ ఎన్ని గంటలు నడిచింది అన్నది. బండి కదిలితేనే కిలోమీటర్లు పెరుగుతాయి, ఇంజన్ మాత్రం నిలబడి కూడా తిరుగుతుంది. వర్క్ సైట్‌లో ఏసీ కోసం రోజంతా ఆన్‌లో వదిలేసిన బండి, హైడ్రాలిక్ పని కోసం గంటలు గంటలు స్టార్ట్‌లో పెట్టిన సర్వీస్ బండి, చలి ప్రదేశాల్లో రాత్రంతా ఐడ్లింగ్‌లో ఉంచిన బండి, వీటి రీడింగ్ ఎప్పుడూ ముచ్చటగా తక్కువే ఉంటుంది. ఇప్పటి పికప్‌లలో చాలావాటికి డ్యాష్‌బోర్డ్ మెనూలోనే ఇంజన్ అవర్స్ కనిపిస్తాయి, కొన్నిట్లో ఐడ్లింగ్ గంటలు విడిగా కూడా చూపిస్తుంది, మెనూలో లేకపోతే స్కానర్ పెట్టి ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్) నుంచి చదవచ్చు. ఇంజన్ గంటలు దొరికితే కిలోమీటర్లని ఆ గంటలతో భాగిస్తే చాలు. 2,40,000 కిలోమీటర్లు, 4,000 గంటలు అంటే సగటున గంటకి 60 కిలోమీటర్లు, అంటే బతుకంతా హైవే మీదే గడిపిన బండి. 90,000 కిలోమీటర్లు, 4,500 గంటలు అంటే గంటకి 20, అంటే ఇంజన్ పరంగా చూస్తే ఈ "తక్కువ తిరిగిన" బండే ఎక్కువ పనిచేసింది, అదీ చెడ్డ రకం పని. ఫ్లీట్ నడిపేవాళ్లు గంట ఐడ్లింగ్‌ని సుమారు 40 కిలోమీటర్ల నడకతో సమానంగా లెక్కేసుకుని ఆయిల్ మారుస్తారు. సగటు 50 పైన ఉంటే నిశ్చింతగా ముందుకెళ్లొచ్చు, 30 కన్నా కింద ఉంటే ఆ రీడింగ్‌ని నమ్ముకుని ఎక్స్‌ట్రా డబ్బు పెట్టకూడదు.

ఐడ్లింగ్ చెడ్డదని ఎందుకంటే, లోడు లేని డీజిల్ ఇంజన్ సరిగ్గా వేడెక్కదు. సిలిండర్‌లో వేడి చాలక కొంత డీజిల్ పూర్తిగా కాలదు, ఆ మసి రింగుల్లో, ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) దారుల్లో, టర్బో వేన్లలో పేరుకుపోతుంది. అయిదు పది నిమిషాల చిన్న ట్రిప్పులు కూడా ఇంతే, ఇంజన్ వేడెక్కేలోపే ఆపేస్తారు. డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉన్న బండైతే ఇంకా కష్టం. ఆ ఫిల్టర్‌లో పట్టిన మసి కాలాలంటే సుమారు 600 డిగ్రీల వేడి కావాలి, దానికోసం బండి తనంతట తనే ఎక్స్‌ట్రా డీజిల్ కొట్టి రీజెనరేషన్ చేసుకుంటుంది, మధ్యలో కీ తీసేస్తే అది ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగిపోతుంది. ఆ ఎక్స్‌ట్రా డీజిల్‌ని సిలిండర్‌లోకే కొట్టే ఇంజన్లలో కొంత గోడల వెంట కారి కింద ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసినప్పుడు ఆయిల్ మార్కు కన్నా పైన ఉందంటే సంతోషపడే విషయం కాదు, ఆయిల్ పలచబడి బేరింగులకి రక్షణ తగ్గిపోతోందని అర్థం. ఊళ్లోనే తిరిగి 90,000 చేసిన డీపీఎఫ్ బండికి, హైవే మీద 2,40,000 తిరిగిన డీపీఎఫ్ బండికి ఇక్కడే అసలు తేడా వస్తుంది.

ఇక వయసు. కిలోమీటర్లు ఇనుముని అరగదీస్తే, ఏళ్లు మిగతా అన్నిటినీ తినేస్తాయి. రబ్బరు హోసులు గట్టిపడి పగుళ్లిస్తాయి, ఆయిల్ సీళ్లు, ఓరింగులు ముడుచుకుపోతాయి, వైరింగ్ మీది ప్లాస్టిక్ ఇంజన్ వేడికి పెళుసెక్కి ముట్టుకుంటే రాలుతుంది. పాత డీజిల్‌లో ఈ వైరింగ్ సమస్య ఉంటే దాన్ని పట్టుకోవడానికి మెకానిక్‌కి రోజులు పడుతుంది, ఒకరోజు స్టార్ట్ అవుతుంది ఒకరోజు అవ్వదు. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది కాబట్టి బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి మార్చాల్సిందే. కూలెంట్‌లో కలిపిన రక్షణ రసాయనాలు కూడా ఏళ్లతో తగ్గిపోతాయి. పెద్ద డీజిల్స్‌లో ఇది చిన్న విషయం కాదు, ఆ రసాయనం తగ్గితే సిలిండర్ గోడ బయటివైపు బుడగలు పేలుతూ సన్నసన్నటి గుంతలు పెట్టేస్తాయి, చివరికి కూలెంట్ సిలిండర్‌లోకే వచ్చేస్తుంది, ఫోర్డ్ పాత 7.3 లీటర్ ఇంజన్ల ఓనర్లకి కూలెంట్ టెస్ట్ స్ట్రిప్స్ అలవాటయింది ఇందుకే. వాడకుండా పెట్టిన బండి ట్యాంకులో నీరు చేరుతుంది, నీరు చేరిన డీజిల్‌లో బూజు పెరిగి ఫిల్టర్లు మూసుకుపోతాయి, ఆ నీరు ఇంజెక్టర్లకి డీజిల్ తోసే హై ప్రెషర్ పంపు దాకా వెళ్తే పంపులోపల తుప్పు. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లని తగ్గించే డీఈఎఫ్ అనే యూరియా ద్రవం ట్యాంకు ఉన్న బండైతే ఆ ద్రవం ఏడాది రెండేళ్లలో పాడవుతుంది, నాజిల్ దగ్గర తెల్లగా గడ్డకడుతుంది. టైర్ల సంగతి అందరూ మర్చిపోతారు, గాడి నిండుగా ఉన్నా టైరు పక్కన కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడాలి, 2314 అని ఉంటే 2014లో 23వ వారం తయారైందని, పదేళ్లు దాటిన టైరుతో లోడు వేసి లాగడం ప్రాణాలతో ఆట.

వయసు చేసే పనుల్లో మార్చుకోలేనిది ఒకటే, తుప్పు. మంచు కరిగించడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే ప్రదేశాల్లోనో సముద్రం ఒడ్డునో బతికిన బండికి ఇంజన్ ఎంత బాగున్నా చాసిస్ లోపల్నుంచి తినేసి ఉండొచ్చు. బాక్స్ లాగా మూసేసిన ఫ్రేమ్‌లలో ఇది బయటికి కనపడదు, సుత్తితో కొట్టి శబ్దం వినాలి, స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడాలి. టయోటా లాంటి కంపెనీ కూడా అమెరికాలో 1995–2000 టాకోమా పికప్‌ల ఫ్రేమ్ తుప్పు గొడవ మీద 2008లో ఆ ఫ్రేమ్‌కి వారంటీ 15 ఏళ్లకి పెంచి, మరీ పాడైన బండ్లని వెనక్కి కొనుక్కోవాల్సి వచ్చింది. ఇంజన్ మార్చొచ్చు, గేర్ బాక్స్ మార్చొచ్చు, కుళ్లిన ఫ్రేమ్ కింద పెట్టుకుని ఏం మార్చినా దండగే. కొత్తగా దట్టంగా నల్లరంగు పూసిన చాసిస్ కనిపిస్తే ఆ రంగు కింద ఏముందో గోకి చూడనివ్వమని అడగాలి, ఒప్పుకోకపోతే ఆ బండి వద్దు.

ఇంతవరకు వయసు అంటే ముసలితనం అన్నట్టు మాట్లాడుకున్నాం గానీ డీజిల్ పికప్‌లో మోడల్ ఇయర్‌కి ఇంకో అర్థం ఉంది, అదే ఎక్కువ ముఖ్యం. ఏ ఏడాదిది అంటే ఏ తరం ఇంజన్, ఏ పంపు, ఏ ఎమిషన్ సామాను (పొగని శుభ్రం చేసే పార్టులు) అని. అమెరికాలో 2007 నిబంధనలతో పికప్‌లకి డీపీఎఫ్ వచ్చింది, తర్వాత 2010 నిబంధనల కోసం డీఈఎఫ్ వచ్చింది, ఫోర్డ్, జీఎం 2011 మోడల్‌తో మొదలుపెడితే రామ్ (డాడ్జ్ పికప్‌ల కొత్త పేరు) పెద్ద పికప్‌లలో 2013కి వచ్చింది. మధ్యలో ఉన్న 2008–2010 బండ్లు చాలావరకు ఎటూ కాని తరం. ఫోర్డ్ 6.4 లీటర్ దీనికి పెద్ద ఉదాహరణ, పవర్ ఉంది, రెండు టర్బోలున్నాయి, కానీ రీజెనరేషన్ డీజిల్ ఆయిల్‌లో కలిసే గొడవ, డీజిల్ తాగుడు, ప్రతి పెద్ద రిపేరుకీ క్యాబిన్ పైకెత్తాల్సిన పరిస్థితి. 2007 మధ్య నుంచి 2012 దాకా వచ్చిన 6.7 కమిన్స్‌లో ఇంజన్ గట్టిదే గానీ టర్బో మసితో బిగుసుకుపోయే ఫిర్యాదులు ఎక్కువ. ఒక టెక్నాలజీ మొదటి రెండు మూడేళ్ల బండి కన్నా ఆ టెక్నాలజీ కుదురుకున్నాక వచ్చిన బండి, ఇంకో లక్ష కిలోమీటర్లు ఎక్కువ తిరిగినా సరే, మంచి ఎంపిక.

పంపుల కథ చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. బాష్ కంపెనీ సీపీ3 అనే హై ప్రెషర్ పంపు ఏళ్ల తరబడి మొండిగా పనిచేసింది. దాని తర్వాత వచ్చిన సీపీ4 పంపుని జీఎం 2011–2016 డ్యూరామాక్స్ డీజిల్ ఇంజన్లలో, ఫోర్డ్ 2011 నుంచి 6.7 పవర్ స్ట్రోక్ డీజిల్ ఇంజన్లలో వాడాయి. ఈ పంపు లోపల పాడైతే ఇనుప రజను డీజిల్‌తో పాటు పోయి ఇంజెక్టర్లు, వాటికి డీజిల్ పంచే ఫ్యూయల్ రైల్ గొట్టం, లైన్లు అన్నిటినీ పాడుచేస్తుంది, అంటే ఒక్క పంపుతో పోదు, మొత్తం ఫ్యూయల్ సిస్టమే మార్చాలి. రామ్ 2019లో ఈ పంపుకి మారి, ఆ 2019–2020 బండ్లని 2021లో రీకాల్ చేసి మళ్లీ సీపీ3 పెట్టింది. జీఎం అయితే 2017 నుంచి డెన్సో పంపుకి వెళ్లిపోయింది. ఇక్కడ 60,000 తిరిగిన 2015 డ్యూరామాక్స్‌కీ 2,00,000 తిరిగిన 2018 డ్యూరామాక్స్‌కీ పోటీ పెడితే రీడింగ్ చూసి తీసుకునే నిర్ణయం తప్పే అవుతుంది, 2015ది కావాలంటే పంపు మార్చారా, లేదంటే పంపుకి రక్షణ కిట్ ఏమైనా వేశారా అని అడిగి తీరాలి.

పాత తరంలో కూడా ఇలాంటి గీతలు చాలా ఉన్నాయి. ఫోర్డ్‌లో 2003 మధ్యలో ముగిసిన 7.3 పవర్ స్ట్రోక్ నెమ్మదైనదే కానీ గట్టిది, దాని వెంటనే వచ్చిన 6.0 లో ఆయిల్ కూలర్ మూసుకుపోవడం, దానివల్ల ఈజీఆర్ కూలర్ పగలడం, ఆ తర్వాత హెడ్ గ్యాస్కెట్ లేవడం, ఇలా ఒకదాని వెనక ఒకటి. 2001–2004 డ్యూరామాక్స్ ఎల్‌బీ7 రకం ఇంజన్‌లో ఇంజెక్టర్లు వాల్వ్ కవర్ల కింద ఉంటాయి, అవి తరచూ పోతుండటంతో జీఎం వాటికి వారంటీ 7 ఏళ్లు, 2,00,000 మైళ్ల దాకా పెంచాల్సి వచ్చింది, అంటే ఆ బండిలో ఇంజెక్టర్లు ఎప్పుడు మార్చారన్న కాగితం రీడింగ్ కన్నా విలువైనది. కమిన్స్ 1998 మధ్య నుంచి 2002 దాకా వచ్చినవాటిలో వీపీ44 పంపు ఉంటుంది, డీజిల్ ప్రెషర్ తగ్గితే అది చచ్చిపోతుంది, ట్యాంకు వైపు నుంచి డీజిల్ తోసే చిన్న లిఫ్ట్ పంపు బాగుందో లేదో గేజ్ పెట్టి చూడాలి. అదే తరంలో బ్లాకు పక్కన 53 అనే అంకె పోతపోసి ఉంటే ఆ బ్లాకు పగిలే గుణం ఉందని పేరు. పెద్ద పికప్‌లే అని కాదు, మామూలు సైజు బండ్లలోనూ ఇంతే, 2005 తర్వాతి టయోటా హైలక్స్ 3.0 లీటర్‌లో ఇంజెక్టర్ కింద రాగి వాషర్లు లీకయి మసి ఆయిల్‌లోకి చేరి, అడుగున ఆయిల్ జల్లెడ మూసుకుపోయి ఇంజన్లు పోయిన సందర్భాలున్నాయి. ఫోర్డ్ రేంజర్ 3.2 లో ఆయిల్ మార్చేటప్పుడు ఎక్కువసేపు దించి వదిలేస్తే ఆయిల్ పంపు గాలి పట్టుకుని మళ్లీ ఆయిల్ లాగదు, ఆ సంగతి తెలియని చేతిలో ఒక్క సర్వీస్‌తో మంచి ఇంజన్ పాడవుతుంది. ఇలాంటివన్నీ రీడింగ్‌లో దొరికే సమాచారం కాదు, కొనాలనుకున్న ఇంజన్ పేరు, ఏడాది పెట్టి ముందే చదువుకోవాల్సిందే.

కొనేవాళ్ల వాడకం కూడా ఈ లెక్కలో భాగమే, చాలామంది ఇక్కడే పొరపడతారు. ఏడాదికి 30,000–40,000 కిలోమీటర్లు దూరాలు తిరిగేవాళ్లకి, ట్రెయిలర్ లాగేవాళ్లకి కొత్త తరం, ఎక్కువ తిరిగిన బండి బాగా సరిపోతుంది, ఎమిషన్ సామాను వాళ్ల వాడకంలో వేడిగా, శుభ్రంగా ఉంటుంది, కొత్త క్యాబిన్, మంచి బ్రేకులు, భద్రత కూడా దొరుకుతాయి. రోజూ నాలుగు కిలోమీటర్లు వెళ్లి వచ్చి, నెలకోసారి బరువు మోసే అవసరం ఉన్నవాళ్లకి మాత్రం డీపీఎఫ్ ఉన్న డీజిల్ ఏదీ సరిపడదు, తక్కువ తిరిగినదైనా ఎక్కువ తిరిగినదైనా. వాళ్లకి డీపీఎఫ్ రాకముందు కాలం పాత డీజిల్, అదీ తుప్పు లేనిది, లేదంటే నిర్మొహమాటంగా చెప్పాలంటే పెట్రోల్ పికప్ మేలు. తక్కువ రీడింగ్ పాత బండి గెలిచే చోటు ఇదే. సొంతంగా రిపేరు చేసుకునే అలవాటున్నవాళ్లకి కూడా పాత మెకానికల్ పంపు ఇంజన్లు హాయి, అయితే అలాంటి బండికి ఇంజన్ పార్టులు దొరికినంత తేలిగ్గా డ్యాష్‌బోర్డ్ ప్లాస్టిక్, ఎలక్ట్రానిక్ మాడ్యూళ్లు దొరకవు.

గేర్ బాక్స్ గురించి ఒక మాట. ఇంజన్ అయిదు లక్షలు లాగుతుందంటే బండి మొత్తం లాగుతుందని కాదు, పాత డాడ్జ్ కమిన్స్ బండ్లలో ఇంజన్ బతికుండగానే ఆటోమేటిక్ గేర్ బాక్స్ రెండుసార్లు కట్టించుకున్నవాళ్లు ఉన్నారు. వెనక సామాను వేసే బెడ్‌లో పెద్ద ట్రెయిలర్ హిచ్ బోల్టుల రంధ్రాలు ఉన్నాయేమో చూడాలి, ఉంటే గేర్ బాక్స్ ఆయిల్ రంగు, వాసన తప్పకుండా చూడాలి, మాడిన వాసన వస్తే ఆ ఖర్చు రేటులో దించాలి. హైవే మీద ట్రెయిలర్ లాగడం ఇంజన్‌కి అంత చెడ్డది కాదు, అది కట్టిందే అందుకు, దెబ్బ పడేది గేర్ బాక్స్, వెనక యాక్సిల్, బ్రేకుల మీదే.

చూడటానికి వెళ్లేటప్పుడు ముందే ఫోన్ చేసి బండి స్టార్ట్ చేయొద్దని చెప్పాలి, వెళ్లగానే బానెట్ ఎత్తి ఇంజన్ మీద చెయ్యిపెట్టి చూడాలి, వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారనే అనుమానించాలి, ఎందుకంటే డీజిల్ జబ్బులు బయటపడేది చల్లటి స్టార్ట్‌లోనే. స్టార్ట్ అవ్వగానే కాస్త తెల్లపొగ వచ్చి పోతే ఫర్వాలేదు, వేడెక్కాక కూడా తెల్లపొగ వస్తుంటే ఇంజెక్టరో, కంప్రెషనో, కూలెంటో అనుమానించాలి, నీలంపొగ ఆయిల్ కాలుతోందని. డీపీఎఫ్ ఉన్న బండిలో సైలెన్సర్ చివర లోపల వేలు పెడితే నల్లగా మసి అంటకూడదు, అంటిందంటే ఫిల్టర్ పగిలిందో పీకేశారో. ఇంజన్ తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత తీసి తిరగేసి ఆ రంధ్రం మీద వదులుగా పెడితే, మూత ఎగిరెగిరి పడుతూ ఉంటే బ్లో బై (రింగులు దాటి కిందికి వచ్చే గ్యాస్) ఎక్కువ, రింగులు అయిపోవచ్చాయన్నమాట, కొంచెం అదిరితే మామూలే. ఆయిల్ నల్లగా ఉందని భయపడక్కర్లేదు, డీజిల్ ఆయిల్ మార్చిన కాసేపటికే నల్లబడుతుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాక కూడా పై రేడియేటర్ హోసు బిర్రుగా ఉంటే హెడ్ గ్యాస్కెట్ దగ్గర ఆగి ఆలోచించాలి. స్కానర్ ఉన్న మెకానిక్‌ని తీసుకెళ్తే ఇంజెక్టర్ల బ్యాలెన్స్ అంకెలు, డీపీఎఫ్‌లో మసి ఎంత ఉంది, ఆఖరి రీజెనరేషన్ నుంచి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది చూస్తాడు, రెండు రీజెనరేషన్ల మధ్య దూరం బాగా తగ్గిపోయిందంటే ఫిల్టర్ బూడిదతో నిండుతోందని అర్థం. మసి కాలిపోతుంది గానీ బూడిద కాలదు, అది కిలోమీటర్లతో పాటు పెరిగేదే, ఫిల్టర్ దించి శుభ్రం చేయించాలి లేదా మార్చాలి. ఎక్కువ తిరిగిన బండిలో అడగాల్సిన అసలు కాగితం ఇది.

డీపీఎఫ్, ఈజీఆర్ తీసేసి ప్రోగ్రామ్ మార్చిన బండ్లు సెకండ్ హ్యాండ్‌లో చాలా కనిపిస్తాయి, "డిలీట్ చేశాం, ఇక ఏ తలనొప్పీ లేదు" అని అమ్ముతారు. అమెరికాలో క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం అది చట్టవిరుద్ధం, ఎమిషన్ టెస్ట్ ఉన్నచోట బండి పాసవ్వదు, మళ్లీ మామూలుగా చేయించాలంటే పీకేసిన సామాను మొత్తం కొత్తగా కొనాలి. దానికితోడు అలాంటి ప్రోగ్రామ్‌తో పాటు పవర్ కూడా పెంచేసి ఉంటారు, హెడ్ గ్యాస్కెట్, గేర్ బాక్స్ ఎంత నలిగిందో ఏ రీడింగూ చెప్పదు.

గంటల లెక్క దొరకని పాత బండ్లలో, సర్వీస్ కాగితాలు పోయాయన్న బండ్లలో ఒక దారి మిగిలుంది, ఇంజన్ ఆయిల్ శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపడం. బేరం కుదుర్చుకునే ముందు ఓనర్ ఒప్పుకుంటే చాలు, రిపోర్ట్ కొద్ది రోజుల్లో వస్తుంది. ఇనుము, సీసం ఎక్కువుంటే లోపల అరుగుదల, సిలికాన్ ఎక్కువుంటే ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము వెళ్లిందని, డీజిల్ శాతం కనిపిస్తే ఇంజెక్టర్ లీకవడమో రీజెనరేషన్ మధ్యలో ఆగిపోవడమో జరిగిందని, సోడియం, పొటాషియం కలిసి కనిపిస్తే కూలెంట్ లోపలికి వస్తోందని. ఆయిల్ అప్పుడే మార్చి ఉంటే మాత్రం రిపోర్ట్‌లో ఏమీ తేలదు, అందుకని ఆఖరిసారి ఎప్పుడు మార్చారో అడిగి, కనీసం నాలుగైదు వేల కిలోమీటర్లు తిరిగిన ఆయిల్ నుంచే శాంపిల్ తీయాలి.